నల్ల బాణం, తెల్ల బాణం

మా ఆవిడ వండే నెత్తళ్ల పులుసు మీద ఒట్టు. నా దుకాణంలో వేలాడే గాలాలన్నిటి మీదా ఒట్టు. ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా ఆ గాలాల్లో పెద్దది వచ్చి నా నాలుకకి గుచ్చుకోవాలి. మలేషియాలోని మా సుంగై సుమున్‌లో నా మాటకి ఉన్న విలువ నాకు తెలియనిది కాదు. "వాన పడుతోంది" అని నేనంటే జనం చెయ్యి బయటపెట్టి చూసుకుని గాని గొడుగు విప్పరు. అందుకే ముందుగా ఒట్టు పెడుతున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం.

పోయిన మంగళవారం మధ్యాహ్నం పామాయిలు గెలలు కోసే మనిషి ఒకడు నా దుకాణం ముందు బండి ఆపాడు. ఇండోనేషియాలోని లొంబోక్ నుంచి వచ్చి మా పక్క ఎస్టేటులో పనిచేస్తున్నవాడు. నెలకోసారి నా దగ్గర పీతల వలకి తాడు కొంటాడు. ఆ రోజు ఏమీ కొనలేదు. గోనెసంచిలోంచి ఒక బాణం తీసి గాజు బల్ల మీద పెట్టాడు.

"కాలవ పక్కన చెట్టుకి గుచ్చుకుని ఉంది, తవుకే. దారం చూసి మీదనుకున్నాను," అన్నాడు మలాయ్‌లో. తవుకే అంటే షావుకారు.

అల్యూమినియం బాణం. ఈకల దగ్గర ఎర్ర దారం చుట్టి ఉంది. అది గాలానికి కట్టే దారం. ఆ ముడి నా చేతిది. అలా ఎర్ర దారం చుట్టి నేను ఇచ్చిన బాణం ఈ లోకంలో ఒక్కటే. దాన్ని పుచ్చుకున్న మనిషి పోయి ఏడాది దాటింది.

ఆయన పేరు రాయను. రాద్దామన్నా తెలియదు. మా వైపు తెలుగు మాట్లాడేవాడు ఇంకొకడు ఎదురైతే ముందు వరస కలిపేసుకుంటాం. పేరు తర్వాత తీరికగా అడగవచ్చు. ఆయన నన్ను అల్లుణ్ణి చేసుకున్నాడు, నేను ఆయన్ని మావని చేసుకున్నాను. పేర్ల దగ్గరికి ఇద్దరం రానేలేదు. "మా తాత, మీ తాత ఒకే ఓడలో వచ్చినారు" అనేవాడు. ఏ ఓడ మావా అంటే "తెల్లోడిది" అనేవాడు. అంతకన్నా చుట్టరికం మాకు ఎప్పుడూ అవసరం పడలేదు.

మొదటిసారి వచ్చింది ఒక శనివారం పొద్దున. నాది చేపల గాలాల దుకాణం. ముందు దుకాణం, వెనక కాపురం. మా ఊరి మలాయ్ కుర్రాళ్లకి విలువిద్య మీద మోజు పుడితే, గాలాల పక్కన ఒక అరలో బాణాలు కూడా పెట్టాను. ఆయన నేరుగా ఆ అర దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. పొట్టి మనిషి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. తలమీద ఏదో ఎరువుల కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చిన టోపీ. నేను అరవంలో "ఎన్న వేణుం?" అని, ఏం కావాలని అడిగాను. మా ఊళ్లో మన మొహమున్న ఎవరినైనా ముందు అరవంలోనే పలకరిస్తాం, తెలుగువాళ్లం తెలుగువాళ్లని కూడా. ఆయన బాణాల మీంచి చూపు తిప్పలేదు.

అంతలో లోపల్నుంచి మా ఆవిడ అరిచింది. "ఉప్పైపోనాది! సెవుడేటి మీకు?"

ఆయన టోపీ తీసేశాడు, గుళ్లోకి వచ్చినవాడిలా. ఆ టోపీని రెండు చేతులా పొట్టకి ఆనించుకుని నా వైపు తిరిగాడు.

"తెలుగేటి మీది?"

"ఆఁ."

"అలగైతే నువ్వు సెప్పల్లుడా. అడివి పందికి ఏ బాణం మంచిది? నల్లదా, తెల్లదా?"

నల్లదంటే కార్బన్, తెల్లదంటే అల్యూమినియం. ఆ ప్రశ్నకి జవాబు తేలడానికి ఆరేళ్లు పట్టింది.

ప్రతి శనివారం పది గంటలకి ఆయన కప్‌చాయ్ మోటారుసైకిలు చప్పుడు వినిపించేది. వస్తూ తన పాత అల్యూమినియం బాణాల్లో ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చేవాడు. దాన్ని నా గాజు బల్ల మీద పెట్టి అరచేత్తో దొర్లించేవాడు. తిన్నని బాణం చప్పుడు లేకుండా దొర్లుతుంది. వంగిన బాణం టకటకమంటుంది. టకటకమన్న చోట బొటనవేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని, నెమ్మదిగా నొక్కేవాడు. మళ్లీ దొర్లించేవాడు. మళ్లీ నొక్కేవాడు. చప్పుడు ఆగేదాకా అలాగే. ఆ చప్పుడు ఆగిన క్షణాన ఆయన మొహం చూడాలి. ఏడుస్తున్న పసిపిల్లని నిద్రపుచ్చిన మనిషి మొహం.

తర్వాత నా అరలోంచి ఒక కార్బన్ బాణం తీసి, రెండు కొసలు పట్టుకుని, చెవి దగ్గర విల్లులా వంచి వినేవాడు.

"ఏటంతాది మావా?"

"ఏటీ అన్దు. ఇది మాటాడితే దాని పనైపోయినట్టే."

అది నిజం. అల్యూమినియం వంగుతుంది, వంగినట్టు కనబడుతుంది, సరిచెయ్యవచ్చు. కార్బన్‌కి వంకర నిలవదు. తిన్నగా ఉంటుంది, లేదా విరిగిపోతుంది. మధ్యలో లోపల ఎక్కడో వెంట్రుకంత చీలిక పడితే కంటికి తెలియదు. చెవి దగ్గర వంచితే చిటచిటమంటుంది. ఆ చిటచిట వినకుండా వింటినారికి తొడిగినవాడి చేతిలోకి పుల్లలు దిగబడతాయి. తెలుక్ ఇంతాన్ ఆస్పత్రిలో అలాంటి చేతిని నేను చూశాను. పుల్లలు ఎనిమిది. నేను చెప్పేటప్పుడు ఎనభై అంటాను, అది వేరే సంగతి.

ఆయన విల్లు ఒక ఎస్టేటు అసిస్టెంటు మేనేజరు ఊరు వదిలిపోతూ వదిలేసినది. ఆ మనిషికి ఈ మావ నాలుగు రోజులు సామాన్లు కట్టిపెట్టాడట. పాత చెట్లు కొట్టి కొత్త పామాయిలు మొక్కలు వేసినప్పుడల్లా అడవి పందులు వచ్చి మొవ్వ తినేసి పోయేవి. ఈయన వాటి వేటకి పోతుంటే ఎస్టేటువాళ్లు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. పర్మిటు ఉందా మావా అని ఒకసారి అడిగాను.

"పందికుందేటి?" అన్నాడు.

కాఫీ తాగే తీరు ఒకటి చెప్పాలి. పక్క కొట్లోంచి నల్ల కాఫీ తెప్పించేవాణ్ణి. సగం సాసర్లో పోసుకుని మూడుసార్లు ఊదేవాడు. సాసర్లోది తాగేవాడు. కప్పులో సగం అలాగే వదిలేసేవాడు. చల్లారిపోతోంది మావా అంటే, "ఉండనీ లా" అనేవాడు. మలాయ్ మాటల్లోంచి వచ్చిన ఆ "లా" ఇక్కడ అందరి మాటల చివరా తగులుతుంది. వెళ్లేటప్పుడు ఒక్క గుక్కలో తాగేవాడు. ఆ వదిలేసిన సగం ఎవరికో చాలాకాలం తర్వాత తెలిసింది.

బాణం మాత్రం కొనేవాడు కాదు. ఆయన కొనకుండా ఉండటానికి కారణం నేనే. దాచుకోను. ఎప్పుడైనా ఆయన ఒక వైపు మొగ్గినట్టు కనిపిస్తే నేను రెండో వైపు నుంచి ఒక కథ లాగేవాణ్ణి. అల్యూమినియమే తీసుకుంటాను అంటే, బాగన్ దాతుక్ ఉప్పుగాలికి అల్యూమినియం పొక్కులు పొక్కి, పంది దాకా వెళ్లకుండా మధ్యలోనే రాలిపోయిందని చెప్పేవాణ్ణి. కార్బనే తీసుకుంటాను అంటే, సితియావన్‌లో ఒకడి కార్బన్ బాణం పంది లోపల విరిగి, ఆ పంది కూర తిన్న పన్నెండుమందికి నెలరోజులు దగ్గితే నల్లపీచు వచ్చిందని చెప్పేవాణ్ణి.

"పన్నెండు మందికా?"

"పదమూడోవాడు శాకాహారి మావా."

ఆయన నవ్వేవాడు కాదు. నా కథలన్నీ శ్రద్ధగా విని, ఒక్క తప్పు మాత్రం దిద్దేవాడు. "ఉప్పుగాలికి రాలిపోదల్లుడా. బరువు తగ్గుతాది, అంతే." అబద్ధంలో మిగతాదంతా క్షమించేసి ఒక్క కొలత సరిచేసే మనిషిని నేను మళ్లీ చూడలేదు. వింటున్న మొహంలో ఏదో ఆత్రం ఉండేది. కథకి కాదు. తెలుగు చెవిన పడటానికి. ఆయన ఉండే ఎస్టేటు కూలీ లైన్లలో పాత కుటుంబాలన్నీ ఎప్పుడో క్లాంగ్ పట్నం వైపు వెళ్లిపోయాయి. ఆ ఇళ్లలో ఇప్పుడు నేపాలువాళ్లు, బంగ్లావాళ్లు, లొంబోక్ వాళ్లు. మంచివాళ్లే. పండగొస్తే అన్నం పెడతారు. అయితే శనివారం నుంచి శనివారం దాకా ఆయనతో తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. పిల్లలు లేరు. నా దుకాణంలో మొదటి పది నిమిషాలు ఆయన గొంతు బొంగురుగా ఉండేది, వాడని కుళాయి తిప్పినట్టు. తర్వాత ధార సాగేది.

ఇది నాకంటే ముందు మా ఆవిడ గ్రహించింది. "ఆ ముసిలాయనకి ఏదో ఒకటి ఇచ్చియ్యండి. ఎన్నాల్లిలాగ తిప్పుతారు?" అని ఒకరోజు కసిరింది.

"ఇచ్చేస్తే మళ్లీ ఎందుకొస్తాడే?" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. మా ఇరవయ్యారేళ్ల కాపురంలో ఆవిడ జవాబు లేకుండా వెళ్లిన సందర్భాలు రెండు. ఇది మొదటిది.

మూడో ఏడో నాలుగో ఏడో, ఆయుధ పూజ రోజు. గాలాల డబ్బాలకి, తక్కెడకి, కత్తెరలకి బొట్లు పెడుతున్నాను. ఆయన తన ఆరు పాత బాణాలూ తెచ్చి బల్ల మీద వరసగా పరిచాడు. కుంకుమ పెట్టాను. తెల్లని లోహం మీద ఎర్రని బొట్లు, చూడటానికి బాగున్నాయి. సరదాకి నా అరలోని కార్బన్ బాణానికి కూడా ఒకటి పెట్టాను. నల్లటి దాని మీద కుంకుమ ఆనవాలు లేకుండా పోయింది.

"సూసినావా?" అన్నాడు. "దీనికి బొట్టు కూడా కనబడదు. మీయత్త అందుకే ఒద్దనీది."

అత్త అన్న మాట ఆయన నోట అదే మొదటిసారి. నేను కుంకుమ భరిణె మూత పెట్టకుండా అలాగే కూర్చున్నాను.

ఎస్టేటులో కలుపు మందు కొట్టే పని చేసేదట ఆవిడ. వీపు మీద డబ్బా మోసుకుని వరసల మధ్య నడిచి నడిచి, చీకటి గుబురులో పాము తోక కదిలినా కనిపెట్టే కళ్లు. తెల్లవారుజామున ఇద్దరూ కలిసి పందికి వెళ్లేవారు. ఆయన ఎడమ పక్కన ఆవిడ కూర్చునేది.

"ఏసినోడు పందిని సూడాల. పక్కనున్నోలు బాణాన్ని సూడాల," అన్నాడు. "రెండూ ఒక్కడి వల్ల కాదల్లుడా. పంది ఎటెల్లిందో ఒక కన్ను. బాణం ఎక్కడ పడ్డాదో ఒక కన్ను. బాణం దొరికితేనే కత తెలుస్తాది. రకతముందా, ఎంటికుందా, ఉత్తదేనా. అది సూసి ఎనకెల్లాలో వొద్దో. నేకపోతే దెబ్బ తిన్న జీవం ఏ కాలవలోనో పడుండి మూడు రోజులు సస్తాది. అది పాపం. ఒక్కడూ ఎయ్యకూడదు."

"అత్తకి ఎప్పుడూ దొరికేదా?"

"ఒక్కటి ఒదల్నేదు. తెల్లది కదేటి, ఎండ పొడ తగిల్తే మెరుస్తాది. అదిగో అనీసీది."

"మరి నల్లది?"

ఆయన కార్బన్ బాణం చేతిలోకి తీసుకుని, బొట్టు పెట్టిన చోట వేలితో రుద్దాడు.

"నల్లది నీడలో పడితే కన్నతల్లికి కూడా కనపడదు. కానల్లుడా, పోతే పోనీ అనుకున్నోడికి ఇదే మేలు. వొంగదు. సరిసెయ్యక్కర్లేదు. ఎతుక్కునే పని నేదు. ఒక్కడికి నల్లది, ఇద్దరికి తెల్లది."

అత్త పోయి అప్పటికి అయిదేళ్లు. అప్పటినుంచి ఆయన రోజూ పొద్దున్నే విల్లు పట్టుకుని వెళ్లి కాలవ పక్కన కూర్చుని తిరిగి వస్తున్నాడు. ఒక్క బాణం వెయ్యలేదు. పందులు ఎదురుగా వచ్చి, మేసి, వెళ్లిపోయేవట. "నన్ను సెట్టనుకుంతన్నాయి," అన్నాడు.

సాసర్లోది తాగి కప్పులో సగం వదిలెయ్యడం, అదీ అప్పుడే అర్థమైంది. ఆ సగం ఆవిడది. ఒకే కప్పుని ఇద్దరూ అలా పంచుకునేవారు.

వెళ్తూ వెళ్తూ టోపీ తలమీద పెట్టుకుని అన్నాడు. "ఒక్కపాలి నువ్వొస్తావేటల్లుడా? నువ్వేటీ సెయ్యక్కర్నేదు. పక్కన కూసుని బాణాన్ని సూడడమే."

ఇక ఆయన ప్రశ్న మారింది. నల్లదా తెల్లదా అని అడిగిన ప్రతిసారీ, నాతో వస్తావా రావా అని అడుగుతున్నాడని నాకు తెలుసు. అది నాకు తెలుసని ఆయనకీ తెలుసు. నేనేమో కథలు చెప్పడంలో పులిని గాని, ఎస్టేటులో జలగల్ని చూస్తే లుంగీ వదిలేసి పరిగెత్తే రకం. పైగా వెళ్తే ఒక్కరోజుతో తేలిపోతుంది, తేలిపోతే శనివారాలు ఏమైపోతాయి? అందుకని ఒక ఉపాయం పన్నాను. "ఏ బాణమో తేలనీ మావా. తేలిన మర్నాడే వస్తాను" అన్నాను. ఆ తర్వాత బాణం తేలకుండా చూసుకున్నాను. అలా ఇంకో రెండేళ్లు గడిచాయి. ఉప్పుగాలి, నల్లపీచు, పిడుగు పడ్డ బాణం, మలుపు తిరిగి పందిని వెనకనుంచి కొట్టిన వంకరబాణం. నా దగ్గర సరుకుకి కొదవా?

ఒక శనివారం ఆయన బాణం తీసుకురాలేదు. గాజు బల్ల దగ్గర నిలబడి, ఊపిరి కూడదీసుకుని అన్నాడు.

"తేలిపోనాదల్లుడా. తెల్లదే."

నా నోట్లో ఒక కథ సిద్ధంగానే ఉంది. బయటికి తీద్దామని తల ఎత్తాను. ఆయన రెండు చేతులూ బల్ల అంచుని పట్టుకుని ఉన్నాయి. ఎన్నో బాణాల వంకర తీసిన వేళ్లు అవి. కథ మింగేశాను.

అరలోంచి మంచి అల్యూమినియం బాణం ఒకటి ఏరి, ఈకల దగ్గర నా ఎర్ర దారం చుట్టి ముడివేశాను. "ఇది నా తరపున. దొరకడానికి గుర్తు" అన్నాను. ఆయన దాన్ని బల్ల మీద దొర్లించాడు. చప్పుడే లేదు.

"రేపా?" అన్నాడు.

"రేపే."

"ఆరింటికి లైన్ల కాడుంతాను. బేగొచ్చీ. జలగలకి సబ్బు రాసుకో."

ఆదివారం వెళ్లాను. సబ్బు ఎంత రాసుకున్నానంటే బండి సీటు మీదినుంచి రెండుసార్లు జారాను. లైన్ల దగ్గర ఆయన ఉతికిన చొక్కాతో ఉన్నాడు. కాలవ వైపు నడిచాం. ఆయన ముందు, నేను వెనక. కాలవ దగ్గర ఎండు మట్టల గుట్ట వెనక కూర్చున్నాం. నన్ను ఎడమ పక్కన కూర్చోబెట్టాడు. అక్కడ నేల కొంచెం పల్లంగా, మనిషి కూర్చున్నంత మేర నున్నగా ఉంది. ఏడేళ్లుగా ఎవరూ కూర్చోని చోట గడ్డి మాత్రం మొలవలేదు.

ఏడు కావస్తోంది. మట్టల సందుల్లోంచి వెలుగు చారలు చారలుగా దిగుతోంది. అప్పుడు వచ్చింది పంది. నేను చూసిన పందుల్లో అంత పెద్దది లేదు. చేపల వ్యాను తలుపులోంచి పట్టదు. దాని వెనక పిల్లలు ఏడు, బడికి వెళ్తున్నట్టు వరసగా. చివరిది కుంటుతోంది.

ఆయన వింటినారి చెవి దాకా లాగాడు. చాలాసేపు అలాగే ఆపి పట్టుకున్నాడు. పిల్లల్ని చూశాడేమో. వదిలాడు. బాణం పంది వీపు మీదుగా, జానెడు ఎత్తున, తెల్లగా ఒక గీత గీసినట్టు పోయింది. టక్కుమంది. పంది పిల్లలతో సహా పొదల్లోకి పరిగెత్తింది.

నా పని నేను చేశాను. "చెట్టుకి మావా! కాలవ పక్క చెట్టుకి! అదిగో మెరుస్తోంది!" అని అరిచాను.

"సూసినావా?"

"సూసినాను."

"నిజింగా సూసినావా?"

"ఎర్ర దారంతో సహా."

పీకి తెద్దామని లేచాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉండనీ లా. సూసినోడున్నాడు కదా, ఇంకేటి?" అన్నాడు. తిరిగి వస్తూ లైన్ల దగ్గర కాఫీ కలిపాడు. సాసర్లోది తాను తాగి, కప్పులో సగం నా ముందుకి తోశాడు. తాగాను.

ఆ తర్వాత కొన్ని నెలలకి జ్వరమొచ్చి పోయాడు. నాకు నాలుగు రోజుల తర్వాత పక్క కాఫీ కొట్లో తెలిసింది. నేపాలువాళ్లే దగ్గరుండి అన్నీ చేశారట. విల్లు ఏమైందో ఎవరికీ తెలియదు. బాణం మాత్రం పోయిన మంగళవారం నా బల్ల మీదికి వచ్చింది.

ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి ఇప్పుడు చెప్పక తప్పదు. ఇందులో ఒక ముక్క కల్పించాను.

మీరు పందిని అనుమానిస్తూ ఉంటారు. కార్బన్ పీచు దగ్గిన పన్నెండుమందిని అనుమానిస్తూ ఉంటారు. అవి నేను ఆయనకి చెప్పిన అబద్ధాలు. చెప్పానన్నది నిజం. కల్పించింది ఆదివారం. నేను వెళ్లలేదు.

వాన పడిందని రాద్దామనుకున్నాను. ఆ రోజు వాన పడలేదు. బండి చెడిపోలేదు. అలారం మోగింది. మా ఆవిడ తట్టి లేపింది కూడా. "ఇంకో ఆదివారం వెల్తాలే" అని అటు తిరిగి పడుకున్నాను. ఆవిడ జవాబు లేకుండా లేచి వెళ్లిపోయిన రెండో సందర్భం అది.

కాబట్టి కాలవ పక్కన ఆ పొద్దున ఏం జరిగిందో నాకు తెలియదు. మొన్న ఈ బాణం చూశాకే, ఆయన వేశాడని తెలిసింది. ఒక్కడూ వెయ్యకూడదన్న మనిషి ఒక్కడే వేశాడు. పందిని చూసి వేశాడో, ఎంతసేపు చూసినా రాని నన్ను తలుచుకుని చెట్టుని చూసి వేశాడో. బాణం అక్కడే ఉండిపోయిందంటే, అది ఎక్కడ తగిలిందో చూసినవాళ్లు లేరన్నమాట. లొంబోక్ మనిషిని అడిగాను, ఎక్కడ దొరికిందని. గుండె ఎత్తున, దారి పక్కనే, దూరానికే మెరుస్తోంది అన్నాడు. పక్కన ఒక మనిషి ఉంటే చాలు, దొరికేది.

ఆ తర్వాతి శనివారం పది గంటలకి ఆయన వచ్చాడు. ఇది నిజం. టోపీ తీశాడు. నేను నాలుగు అబద్ధాలు సిద్ధం చేసుకుని కూర్చున్నాను, ఆయన ఒక్కటీ అడగలేదు. కాఫీ సాసర్లో పోసుకుని మూడుసార్లు ఊదాడు. తర్వాత అర దగ్గరికి వెళ్లి ఒక కార్బన్ బాణం తీసుకుని, చెవి దగ్గర వంచి, చాలాసేపు విన్నాడు.

"ఇదియ్యల్లుడా," అన్నాడు.

ఆరేళ్లుగా ఆ బాణానికి అడ్డం వెయ్యని కథ నా దగ్గర లేదు. ఆ రోజు మాత్రం దాన్ని పేపర్లో చుట్టి ఇచ్చాను. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. బల్ల మీద కప్పులో సగం కాఫీ, ఆయన ఎప్పుడూ వెళ్లేటప్పుడు తాగేది, అలాగే ఉంది.

తర్వాతి శనివారం రాలేదు. ఆ తర్వాతిదీ. ఏ బాణమో తేలిపోయింది కదా.